ఓడిన ప్రతిసారీ ఒక పేరు

1977 నవంబరులో మస్కట్‌లో కంపెనీల క్రికెట్ పోటీలు మొదలయ్యేనాటికి సూర్యప్రకాశ్‌కు ముప్పై ఆరేళ్లు. కాకినాడ మనిషి. వయసులో ఉన్నప్పుడు జిల్లా జట్టుకు ఆడాడు. రెండుసార్లు రాష్ట్ర జట్టుతో పాటు ఊళ్లు తిరిగి, రెండుసార్లూ మైదానం బయటే కూర్చుని, ఆడేవాళ్లకు మంచినీళ్లు అందించి వచ్చాడు. ఆ తర్వాత ఆట సంగతి మరిచిపోయాననే అనుకున్నాడు. కానీ ఒమన్‌లో ఒక కట్టుబడి కంపెనీవాళ్లు స్టోర్స్ ఉద్యోగానికి బొంబాయిలో ఇంటర్వ్యూ చేసినప్పుడు, స్టోర్స్ గురించి రెండు ప్రశ్నలు అడిగి క్రికెట్ గురించి అరగంట మాట్లాడారు.

కంపెనీ మేనేజరును పెద్దా చిన్నా అందరూ అరబ్బీలో 'ముదీర్' అనే పిలిచేవారు. ఆయన బొంబాయివాడే. ఆట తెలియదు. కానీ ఖురంలో పోటీ కంపెనీ ఆఫీసుకు వెళ్లినప్పుడల్లా అక్కడ అద్దాల బీరువాలో మెరిసే కప్పు ఆయన కంట్లో పడేది. ఆ కప్పు తన ఆఫీసుకు రావాలని పట్టుబట్టి, కూలీల క్యాంపుల నుంచి, ఆఫీసు నుంచి పదిహేనుమందిని ఏరించాడు. వాళ్లకు సైట్ పని లేదు. స్టోర్స్‌లో సామాన్లు సర్దడం, ఆఫీసులో చాయ్ అందించడం లాంటి లైట్ డ్యూటీ. గురువారం మధ్యాహ్నం ప్రాక్టీసు, శుక్రవారం మ్యాచ్. ఆరు జట్లు, ఒక్కొక్క జట్టుకు పది మ్యాచ్‌లు. సూర్యప్రకాశ్ కెప్టెన్.

మైదానమంటే గడ్డి లేని నేల. గులకరాళ్లు ఏరేసి, మధ్యలో సిమెంటు పలక పోసి, దాని మీద నారచాప పరిచి చుట్టూ మేకులు కొట్టేవారు. కిందపడితే మోకాళ్లు చీరుకుపోయేవి. అయినా ఆ పదిహేనుమందికీ అది స్వర్గమే. మిగతా వాళ్లు సీబ్‌లో కొత్త విల్లాల కోసం మురుగు కాలవలు తవ్వుతున్నారు. మనిషి ఎత్తుకు రెండింతల లోతు, అంతా ఇసుకతో కలిసిన నేల.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు. శనివారం పొద్దున ముదీర్ సూర్యప్రకాశ్‌ను గదిలోకి పిలిచాడు. సైట్ ఇంజనీరు కూడా అక్కడే ఉన్నాడు. సీబ్ పని ఆలస్యమవుతోంది, మనుషులు చాలట్లేదు, పదిహేనుమంది బంతులాడుకుంటుంటే మిగతావాళ్లు గొణుగుతున్నారని అతని ఫిర్యాదు.

"నాకు ఆట తెలీదు," అన్నాడు ముదీర్. "లెక్క తెలుసు. ఓడిన ప్రతిసారీ నీ జట్టులోంచి ఒకణ్ణి సైట్‌కి ఇస్తావు. గెలిచిన ప్రతిసారీ ఒకణ్ణి వెనక్కి తీసుకుంటావు. ఎవర్ని అన్నది నువ్వే రాసివ్వు. కెప్టెన్‌వి కదా."

"సైట్‌కి వెళ్లినవాడు శుక్రవారం ఆడొచ్చా సార్?"

"శుక్రవారం అక్కడ ఓవర్‌టైమ్ ఉంటుంది," అన్నాడు ఇంజనీరు.

సూర్యప్రకాశ్ బల్ల మీదున్న కాగితం మీద పోచన్న పేరు రాశాడు. పోచన్న అదనపు ఆటగాడు. ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండో మ్యాచ్ ఓడాక ఇంకో అదనపు ఆటగాడి పేరు రాశాడు. ఆ రెండు పేర్లూ రాయడం కష్టమనిపించలేదు. ఇంటికొచ్చి భార్య శేషుకుమారితో ఆ మాటే అన్నాడు. ఆమె మైదానంలో గొడుగు కింద కూర్చుని జట్టుకు స్కోరు రాసేది. "మీకు కష్టం కాదు లెండి, తవ్వేది వాళ్లు కదా," అంది ఆమె. అతను నవ్వేశాడు.

మూడో మ్యాచ్ చివరిదాకా వచ్చి చేజారింది. ఆఖరి ఓవర్లో అవతలివాళ్లకు నాలుగు పరుగులు కావాలి. నర్సయ్య బౌలింగ్. నర్సయ్యది నిజామాబాదు వైపు. అక్కడ చక్కెర ఫ్యాక్టరీలో కూలిపని చేస్తూ ఆఫీసర్ల జట్టుకు బంతులేసి వేసి ఎడమచేతి స్పిన్నరయ్యాడు. సూర్యప్రకాశ్ ఆ ఓవర్ ముందు దేవయ్యను అతని మామూలు చోటు నుంచి తీసి లాంగాన్‌కు, బౌలర్ వెనక దూరంగా గీత దగ్గరికి పంపాడు.

దేవయ్య జగిత్యాల దగ్గరి వాడు, నర్సయ్య రూమ్మేటు. ఇరవై ఆరేళ్లు. మస్కట్ వచ్చేదాకా క్రికెట్ బంతి ముట్టుకున్నవాడు కాదు. పొడుగ్గా ఉండేవాడు, దూరం నుంచి బంతి విసిరితే వచ్చి వికెట్ల మీదే పడేది. అందుకే జట్టులోకి తీసుకున్నారు. బ్యాటింగ్ వచ్చేది కాదు కానీ ప్రతి శుక్రవారం అందరికంటే ముందు వచ్చి చాప పరిచేవాడు. మేకులు తనే కొట్టేవాడు, ఇంకొకళ్లను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

బంతి గాల్లోకి లేచింది. దేవయ్య ఎదురుగా సూర్యుడు. కొండల మీదికి దిగి సూటిగా కళ్లలో కొడుతున్నాడు. చేతులు చాచాడు, బంతి ఎటుందో కనపడలేదు. భుజానికి తగిలి గీత దాటింది. మ్యాచ్ అయిపోయింది.

లాంగాన్‌లో నిలబడ్డవాడికి ఆ వేళ సూర్యుడు కళ్లలో పడతాడని సూర్యప్రకాశ్‌కు తెలుసు. ఆ క్షణంలో తోచలేదు, అంతే. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. శనివారం కాగితం మీద దేవయ్య పేరు రాశాడు. జట్టులో అందరూ అదే పేరు కోసం ఎదురుచూశారు. వేరే పేరు రాస్తే ఎందుకని అడిగేవారు.

ఆ సాయంత్రం క్యాంపుకు వెళ్లి తనే చెప్పాడు. అల్ మవాలేలో ప్లైవుడ్ గదుల వరస అది. దేవయ్య స్టవ్ ముందు కూర్చుని పప్పు కలుపుతున్నాడు. విని లేచి నిలబడ్డాడు, చేతిలో గరిటె అలాగే ఉంది.

"క్యాచ్ ఇడిసిన గదా సారూ. నాదే తప్పు."

"అది కాదు దేవయ్యా..."

"మల్ల ఎప్పుడు తీస్కుంటరు?"

"మొదటి మ్యాచ్ గెలవగానే నువ్వే. నీ పేరే మొదట రాస్తాను. మాట ఇస్తున్నా."

దేవయ్య తల ఊపాడు. "అయితే జల్ది గెల్వుండ్రి," అన్నాడు నవ్వుతూ. నర్సయ్య మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

నాలుగో మ్యాచ్‌కు ముదీర్ స్వయంగా చూడ్డానికి వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఫాస్ట్ బౌలర్ వహీద్ ఆ రోజు అంపైర్‌తో గొడవపడి బంతి నేలకేసి కొట్టి బయటికి వచ్చేశాడు. అరగంట తర్వాత బతిమాలితే గానీ మళ్లీ దిగలేదు. మ్యాచ్ పోయింది. "ఈసారి పేరు నేను చెబుతా," అన్నాడు ముదీర్. మర్నాడు వహీద్ సీబ్‌లో పార పట్టుకున్నాడు. జట్టులో ఉన్న ఒక్కగానొక్క అసలైన ఫాస్ట్ బౌలర్ అతను.

అయిదో మ్యాచ్ గెలిచారు. ఎలా గెలిచారో వాళ్లకే తెలియలేదు. అవతలి జట్టులో ముగ్గురికి జ్వరాలు. నర్సయ్య ఆరు వికెట్లు తీశాడు. సూర్యప్రకాశ్ నలభై పరుగులు చేసి చివరిదాకా నిలబడ్డాడు. వ్యాన్‌లో తిరిగొస్తుంటే వెనక సీట్లలో పాటలు, చప్పట్లు. నర్సయ్య ముందుకు వంగి, "ఇయ్యాల రాత్రికే దేవయ్యకు నేనే జెప్త సారూ," అన్నాడు. సూర్యప్రకాశ్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొట్టాడు.

వచ్చే శుక్రవారం ఆడాల్సింది కప్పున్న కంపెనీతో.

ఇంటికొచ్చి స్నానం చేసి, భోజనానికి కూర్చుని, ముద్ద కలిపి వదిలేశాడు.

"వహీద్ లేకుండా ఆడితే వాళ్లు మూడొందలు కొడతారు, మనకు వంద పరుగులు కూడా రావు," అన్నాడు.

శేషుకుమారి పెరుగు వడ్డిస్తూ ఆగింది. "దేవయ్యకు మాటిచ్చారు కదండీ."

"ఒక్క వారం. ఈ ఒక్క మ్యాచ్ వహీద్‌తో గెలిస్తే వచ్చే శనివారం దేవయ్య వస్తాడు. ఇప్పుడు దేవయ్యను తెచ్చి ఓడితే మళ్లీ ఒక పేరు రాయాలి. అందరి మంచికే చెబుతున్నా."

"అందరి మంచికైతే అతనితో చెప్పి చేయండి."

"చెబుతాను."

శనివారం కాగితం మీద వహీద్ పేరు రాశాడు. క్యాంపుకు వెళ్లి చెప్పాలనుకున్నాడు. ఆ సాయంత్రం స్టోర్స్‌కు పైపుల లారీలు వచ్చాయి. ఆదివారం కుదరలేదు. సోమవారం వెళ్లగలిగేవాడే, కానీ ఆ నవ్వు మొహానికి ఏం చెప్పాలో తోచక వెళ్లలేదు. దేవయ్య ఆ మూడు రోజులూ పొద్దున్నే లారీ ఎక్కేముందు ఆఫీసు వ్యాన్ వస్తుందేమోనని గేటు దగ్గర నిలబడేవాడని నర్సయ్య తర్వాత చెప్పాడు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి సీబ్‌లో కాలవ గోడ విరిగిపడింది.

కబురు స్టోర్స్‌కు ఫోన్‌లో వచ్చింది. సూర్యప్రకాశ్, నర్సయ్య పికప్‌లో వెళ్లేసరికి గట్టు మీద యాభైమంది గుమిగూడి ఉన్నారు. గోడకు దన్నుగా పెట్టాల్సిన చెక్కలు పక్కన పేర్చి అలాగే ఉన్నాయి. ముగ్గురు లోపల ఉండగా కూలిందట. ఇద్దరు నడుము దాకా కూరుకుపోయి బతికారు. పారలు తగులుతాయని భయపడి మనుషులు చేతులతో తవ్వుతున్నారు. నర్సయ్య చెప్పులు విడిచి కిందికి దూకాడు. సూర్యప్రకాశ్ కూడా దిగబోయాడు. ఎవరో చొక్కా పట్టి వెనక్కి లాగారు: "సాబ్, ఆప్ మత్ ఉతరో." అతను ఆగిపోయాడు. ఆ చేయి విదిలించుకుని దిగి ఉండొచ్చు. దిగలేదు.

ముప్పావుగంటకు దేవయ్య బయటపడ్డాడు. నోట్లో, ముక్కులో ఇసుక. నర్సయ్య అతని తల ఒళ్లో పెట్టుకుని లుంగీ అంచుతో మొహం తుడుస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి బండి వచ్చి, డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

శవాన్ని ఊరికి పంపాలని క్యాంపులో అందరూ అడిగారు. కాగితాలు తేలడానికి నెల పడుతుందన్నారు. గురువారం అక్కడే హిందువుల శ్మశానంలో దహనం చేశారు. నర్సయ్య నిప్పు పెట్టాడు. ముదీర్ రాలేదు, పూలదండ పంపించాడు. ఇంజనీరు వచ్చి దూరంగా నిలబడి వెళ్లిపోయాడు.

శ్మశానం బయట వహీద్ సూర్యప్రకాశ్ దగ్గరికి వచ్చాడు. అతనికి అప్పటికే ఎవరో చెప్పారు.

"కప్తాన్ సాబ్, అది దేవయ్య వంతట గదా. నా పేరు కైకూ రాసిండ్రు?"

సూర్యప్రకాశ్ చెయ్యి పట్టుకోబోతే వహీద్ వెనక్కి జరిగాడు.

"నేనడిగిన్నా మిమ్మల్ని? ఒక్క మాటన్నా అడిగిన్నా, నన్ను తియ్యిమని?"

"లేదు."

"మరి నా మెడకెందుకు కట్టిండ్రు?" వహీద్ అక్కడే ఇసుకలో గొంతుక్కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. మ్యాచ్ వాయిదా వేసుకోమని అవతలి జట్టువాళ్లే కబురంపారు. వద్దన్నాడు ముదీర్. ఆడితేనే మనుషుల మనసు మళ్లుతుందన్నాడు. పొద్దున వ్యాన్ క్యాంపు దగ్గర ఆగితే నర్సయ్య ఎక్కలేదు. పని బట్టలు వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని సైట్ లారీ వైపు నడుస్తున్నాడు. సూర్యప్రకాశ్ దిగి వెంట వెళ్లాడు.

"నర్సయ్యా, నిన్నెవరూ సైట్‌కి వెయ్యలేదు."

"నేనే ఏస్కున్న."

"నా మీద కోపముంటే తిట్టు. కొట్టు. ఇలా..."

నర్సయ్య ఆగాడు. "కోపం గాదు సారు. ఇగ ఆడుడు నాతోని గాదు. బంతి చేత్ల పట్టుకుంటే వాని మొఖమే మెదుల్తది. మీరు పోయి ఆడుకోండ్రి." లారీ ఎక్కి, అటువైపు తిరిగి కూర్చున్నాడు.

మిగిలిన పదకొండుమందితో ఆడారు. చాప పరిచేటప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. చివరికి సూర్యప్రకాశే సుత్తి పట్టుకుని మేకులు కొట్టాడు. రెండు వంకరపోయాయి. వహీద్ నాలుగు ఓవర్లు వేశాడు. వేగం లేదు, గురి లేదు. అయిదో ఓవర్ మొదటి బంతి వేయడానికి పరిగెత్తుకుంటూ వచ్చి, వికెట్ల దాకా వచ్చి ఆగిపోయి, బంతిని అంపైర్ చేతిలో పెట్టి వెళ్లి గీత అవతల కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. అవతలివాళ్లు మూడొందల పదకొండు పరుగులు కొట్టారు. వీళ్లు నలభై రెండుకు అయిపోయారు. కప్పున్న కంపెనీవాళ్లు గెలిచి కూడా చప్పట్లు కొట్టలేదు. వరసగా వచ్చి ఒక్కొక్కళ్లకూ చేయి కలిపి తలలు దించుకుని వెళ్లారు.

ఇంటికి వెళ్లాక శేషుకుమారి స్కోరు పుస్తకం అతని ముందు పెట్టింది.

"ఇక నేను రాయనండి."

"నన్నేమన్నా అను, శేషూ."

"అంటే మీకు తేలికవుతుంది," అంది ఆమె. ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం అతనికి ఇంకా కష్టమైంది.

శనివారం ముదీర్ గదిలో సూర్యప్రకాశ్ కాగితం తీసుకుని తన పేరే రాసి ఇచ్చాడు. ముదీర్ చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఏమిటిది?"

"ఓడాం కదా సార్. ఒక పేరు."

"నువ్వు స్టోర్స్ మనిషివి. స్టాఫ్ వీసా. నీతో కాలవలు తవ్విస్తే నన్నే అడుగుతారు." ఆయన గొంతులో కోపం లేదు, కొంచెం జాలి కూడా ఉంది. "చూడు సూర్యప్రకాశ్, జరిగింది జరిగింది. చెక్కలు పెట్టించనిది ఇంజనీరు. నువ్వు పేరు రాయడం మాత్రమే చేశావు. ఎందుకంత బాధ?" పెన్ను తీసుకుని అతని పేరు కొట్టేసి, కింద వహీద్ పేరు తనే రాసుకున్నాడు.

సూర్యప్రకాశ్ ఆ కాగితం లాక్కోలేదు. ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి నోరు తెరిచాడు. కాకినాడలో తనకోసం ఏ ఉద్యోగమూ లేదన్న సంగతి గుర్తొచ్చింది. నోరు మూసుకుని బయటికి వచ్చాడు.

మిగిలిన నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయారు. చివరి దానికి ఏడుగురే ఉన్నారు. మార్చిలో పోటీలు ముగిసేనాటికి జట్టు అట్టడుగున ఉంది. ముదీర్‌కు కప్పు మీద మోజు తగ్గింది. బ్యాట్లు, ప్యాడ్లు స్టోర్స్‌లో ఒక మూల పడేయమన్నారు. పడేసింది సూర్యప్రకాశే.

ఏప్రిల్‌లో అతనికి ఉత్తరం వచ్చింది. 'కెప్టెన్ సారుకు' అని రాసి ఉంది. దేవయ్య భార్య ముత్తవ్వ ఎవరిచేతనో రాయించింది.

"మా ఆయన మీ దగ్గర ఆడే నౌకరి జేస్తున్న అని రాసిండు. ఎండల పనిలేదు, తెల్ల అంగీ ఇచ్చిండ్రు, సారు మంచోడు అని రాసిండు. మరి ఆడేటోడు మట్టికింద ఎట్ల వడ్డడు సారూ? ఊర్ల నన్ను అందరు అడుగుతున్నరు. నాకు తెల్వది. మీరు జెప్పుండ్రి."

రెండు రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకు తిరిగాడు. మూడో రోజు స్టోర్స్ తలుపు వేసుకుని జవాబు రాశాడు. అన్నీ రాశాడు. క్యాచ్ సంగతి, కళ్లలో పడ్డ సూర్యుడి సంగతి, ఇచ్చిన మాట, రాసిన పేరు. నాలుగు పేజీలయ్యాయి. ఊరి చిరునామా సరిగ్గా తెలియక నర్సయ్యను వెతుక్కుంటూ సీబ్ వెళ్లాడు. మధ్యాహ్నం అన్నాల వేళ. నర్సయ్య పైపు నీడలో కూర్చుని తింటున్నాడు. చేయి కడుక్కుని నాలుగు పేజీలూ నిదానంగా చదివాడు.

"ఇది పంపకుండ్రి సారు."

"ఆమె అడిగింది నర్సయ్యా. నిజం చెప్పొద్దా?"

"ఆమె అడిగింది వాడెట్ల సచ్చిండని. మీరు రాసింది మీ బాధ. ఇది ఇన్నంక ఆమె ఏం జేస్తది? మిమ్ముల తిడ్దామంటే మీరు కండ్లకు కనవడ్తరా? మూడు దినాల ముందే ఆ పని తప్పుతుండె అని తెలిస్తే, ఇంక దినాం గదే తలుసుకుంటది."

"మరి ఏం రాయమంటావు?"

"గోడ కూలింది, తిప్పలు పడకుంట పోయిండు అని రాయుండ్రి. నేను గూడ గట్లనే రాసిన." చిరునామా మాత్రం చెప్పాడు.

సూర్యప్రకాశ్ రెండు రోజులు ఆలోచించాడు. నర్సయ్య చెప్పింది సబబే అనిపించింది. అయినా ఆ నాలుగు పేజీలే కవరులో పెట్టి పోస్టు చేశాడు. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు తనను తిట్టాలనిపించింది.

జూన్ చివర జవాబు వచ్చింది. ఈసారి వేరే చేతిరాత. చిన్నపిల్లల అక్షరాల్లా పెద్దపెద్దవి.

"సారూ, మీ ఉత్తరం ముట్టింది. బడి పంతులు సదివి ఇనిపిచ్చిండు. రెండు కాయితాలు సదివి ఆపిండు. మిగిలింది ఏమున్నది అంటే ఏం లేదమ్మ, క్షేమమే రాసిండు అన్నడు. కాయితం ఆయన కాడనే పెట్టుకున్నడు, ఇస్తలేడు. అడిగితే మొఖం తిప్పుకుంటుండు. ఇది మా చెల్లె బిడ్డ రాస్తున్నది, రెండో తరగతి. కెప్టెన్ సారు, ఆ మిగిలిన కాయితాలల్ల ఏం రాసిండ్రో మల్ల ఒకపారి రాయుండ్రి. ఈ పిల్లకు సదువొచ్చేటట్టు పెద్ద అక్షరాలల్ల రాయుండ్రి."

సూర్యప్రకాశ్ ఆ ఏడాది, తర్వాతి ఏడాది కూడా అదే స్టోర్స్‌లో పనిచేశాడు. నెలకోసారైనా తెల్ల కాగితం తీసి, పైన 'ముత్తవ్వకు' అని పెద్ద అక్షరాలతో రాసేవాడు. ఆ కింద ఒక్క మాట కూడా రాయలేకపోయాడు.